డికెన్స్ నవలలో ఆశావాదాన్ని ఎక్కడ వెతకాలి: ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’పై ఒక పరిశోధకురాలికి సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు చార్లెస్ డికెన్స్ నవల ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ను పాజిటివ్ సైకాలజీ (మనిషిని నిలబెట్టే గుణాలను అధ్యయనం చేసే మనస్తత్వశాస్త్ర శాఖ) దృష్టితో పరిశీలిస్తూ పీహెచ్‌డీ ప్రతిపాదన రాశారు. నవల సుఖాంతమవుతుంది కాబట్టి, అప్పులలో మునిగినా ఉత్సాహం వదలని మికాబర్ అందులో ఉన్నాడు కాబట్టి డికెన్స్ ఆశావాద రచయిత అని అందులో వాదించారు. ఇది కథను తిరిగి చెప్పడమే తప్ప నిరూపణ కాదని మీ గైడు గారు దాన్ని తిప్పి పంపారు. ఏం చేస్తే అది పరిశోధన అవుతుందని, మికాబర్‌ను ఉదాహరణగా ఉంచుకోవచ్చా లేదా అని అడిగారు.

మికాబర్‌ను ఉంచుకోండి, కానీ ఆశావాదానికి నమూనాగా కాదు. సుఖాంతాన్ని మాత్రం ఆధారంగా చూపకండి. ముగింపు రచయిత చేతిలో ఉంటుంది. అతడు తలచుకుంటే ఎంతటి నిరాశావాదికైనా చివరి అధ్యాయంలో లక్షలు కురిపించగలడు. ఈ నవలలో ఆశావాదాన్ని మూడు చోట్ల వెతకాలి. తనకు వచ్చిన కష్టానికి పాత్ర ఏ కారణం చెప్పుకుంటున్నది అన్నది ఒకటి. కోరుకున్న చోటికి చేరే దారిని ఆ పాత్ర నిజంగా వెతుకుతున్నదా అన్నది రెండవది. ఆ పాత్ర పెట్టుకున్న ఆశకు అయ్యే ఖర్చును చివరికి ఎవరు చెల్లిస్తున్నారు అన్నది మూడవది. మొదటి రెండింటికీ మనస్తత్వశాస్త్రంలో సిద్ధాంతాలు సిద్ధంగా ఉన్నాయి. మూడవది డికెన్స్ స్వయంగా లేవనెత్తిన ప్రశ్న, మీ పరిశోధనలో కొత్తదనం దాని నుంచే రావాలని నా అభిప్రాయం.

నేను పీజీ విద్యార్థులకు విక్టోరియన్ యుగపు నవలను చాలా కాలం బోధించాను, సాహిత్యాన్నీ మనస్తత్వశాస్త్రాన్నీ కలిపి రాసిన కొన్ని సిద్ధాంత గ్రంథాలకు పరీక్షకుడిగా ఉన్నాను. ఇటువంటి గ్రంథాలలో ఎక్కువ భాగం ఒకే తీరున సాగుతాయి. మొదటి అధ్యాయంలో పాజిటివ్ సైకాలజీని ప్రకటించిన సెలిగ్‌మన్ జీవిత విశేషాలు, రెండవ దానిలో రచయిత జీవిత విశేషాలు, మూడవ దానిలో కథా సంగ్రహం, నాల్గవ దానిలో ప్రతి మంచి పాత్రకూ ఒక సద్గుణం పేరు తగిలించడం. 2004లో క్రిస్టొఫర్ పీటర్సన్, సెలిగ్‌మన్ కలిసి ఇరవై నాలుగు సద్గుణాల జాబితాను ప్రచురించిన తరువాత ఈ తగిలింపు మరీ సులభమైంది. ఆగ్నెస్‌కు ప్రేమ, డేవిడ్ దాది పెగాటీకి దయ, బెట్సీ అత్తకు ధైర్యం అని పంచిపెడితే పేజీలు నిండుతాయి గాని, ఆ నవల గురించి అంతకు ముందు తెలియనిది ఒక్కటీ తెలియదు.

ముందుగా కారణాలు చెప్పుకునే తీరును తీసుకుందాం. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మయర్ కుక్కలపై చేసిన ప్రయోగాలలో, తప్పించుకోలేని విద్యుత్ ఘాతాలకు గురైన జంతువులలో చాలా భాగం, తరువాత తప్పించుకునే వీలు కల్పించినా ప్రయత్నించకుండా పడి ఉన్నాయి. ‘నేర్చుకున్న నిస్సహాయత’ అనే మాట అక్కడి నుంచి వచ్చింది. మనుషుల విషయంలో అందరూ అలా పడిపోరు కాబట్టి, కొందరు ఎందుకు లేచి నిలబడతారన్న ప్రశ్న సెలిగ్‌మన్‌ను ఆశావాదం వైపు నడిపించింది. నిరాశావాది తన కష్టానికి కారణం శాశ్వతమని, అది జీవితమంతటికీ వర్తిస్తుందని, తప్పు తనలోనే ఉన్నదని చెప్పుకుంటాడు. ఆశావాది అదే కష్టాన్ని తాత్కాలికమని, ఆ ఒక్క విషయానికే పరిమితమని, దానిలో పరిస్థితుల పాత్ర కూడా ఉన్నదని చెప్పుకుంటాడు. 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఆయన పాజిటివ్ సైకాలజీని ఒక శాఖగా ప్రకటించడానికి ముందే ఈ పని చాలా వరకు జరిగిపోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. 2016లో మయర్, సెలిగ్‌మన్ ఇద్దరూ తమ తొలి వివరణను స్వయంగా తిరగరాశారు. దీర్ఘకాలిక బాధకు చలనం లేకుండా పడిపోవడం జీవి సహజ ప్రతిస్పందన అని, పరిస్థితి తన అదుపులో ఉన్నదన్న భావనే నేర్చుకోవలసి వస్తుందని, మెదడుపై జరిగిన పరిశోధనల ఆధారంగా వారు చెప్పారు. సాహిత్య విద్యార్థుల ప్రతిపాదనలలో ఇప్పటికీ పాత వివరణే కనబడుతున్నది. మీరు కొత్తదాన్ని ఉపయోగిస్తే డేవిడ్ బాల్యం మరింత బాగా అర్థమవుతుంది. మర్డ్‌స్టోన్ అండ్ గ్రిన్‌బీ గిడ్డంగిలో పదేళ్ల పిల్లవాడు సీసాలు కడుగుతూ, తనకు సలహా గాని ఓదార్పు గాని ఇచ్చేవారు ఎవరూ లేరని దేవుని సాక్షిగా చెప్పుకుంటాడు. ఆ తరువాత అతడే, ఎన్నడూ చూడని అత్తను వెతుక్కుంటూ డోవర్‌కు బయలుదేరుతాడు. పెట్టె, అరగినీ దొంగ పాలైనా, దారిలో ఒంటి మీది కోటు అమ్ముకుంటూ కాలినడకన చేరుకుంటాడు. పరిస్థితిపై అదుపు సాధించవచ్చునని ఆ పిల్లవాడు నేర్చుకున్నది ఆ దారిలోనే.

కష్టం శాశ్వతం, సర్వత్రా ఉన్నది, తప్పు తనదే అనే ఈ మూడు కొలతలకూ సరిపోయే పాత్ర డేవిడ్ కాదు, మిసెస్ గమ్మిడ్జ్. చాలామంది పరిశోధకులు ఆమెను హాస్యపాత్రగా దాటిపోతారు. యార్మత్‌లో పడవతో చేసిన ఇంటిలో, దాది పెగాటీకి సోదరుడైన పెగాటీ గారి ఆశ్రయంలో బ్రతికే ఈ వితంతువు మూడవ అధ్యాయంలో ఏమంటుందో చూడండి: తాను దిక్కులేని ఒంటరి జీవినని, తనకు ప్రతిదీ ఎదురు తిరుగుతుందని, పొయ్యి పొగచూరినా చలి పెరిగినా అందరి కంటే తనకే ఎక్కువ బాధ అని. ‘ప్రతిదీ’ అన్నప్పుడు విస్తృతి ఉన్నది, ‘ఎదురు తిరుగుతుంది’ అన్నప్పుడు శాశ్వతత్వం ఉన్నది, ‘నాకే’ అన్నప్పుడు తనను తాను నిందించుకోవడం ఉన్నది. సెలిగ్‌మన్‌కు సుమారు నూట ఇరవై ఏళ్ల ముందే డికెన్స్ ఒక్క వాక్యంలో మూడింటినీ పట్టుకున్నాడు.

దాని తరువాత జరిగేది నిజమైన ఆశ్చర్యం. పెగాటీ గారి మేనకోడలు ఎమిలీ, డేవిడ్ స్నేహితుడు స్టీర్‌ఫోర్త్‌తో వెళ్లిపోయి, పెగాటీ గారి ఇల్లు కూలినంత పనైన రాత్రి, ఆ ఇంట్లో నిలదొక్కుకున్న మనిషి ఈమే. ముప్పై రెండవ అధ్యాయంలో డేవిడ్ ఆమెను చూసి, ఇంత కొద్ది కాలంలో ఈమె మరో మనిషి ఎలా అయిందని విస్తుపోతాడు. ఆమె ఫిర్యాదులు మాయమవుతాయి, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు మౌనంగా ఉండాలో తెలుస్తుంది, సముద్రతీరం నుంచి సామాను మోస్తుంది. పెగాటీ గారు మేనకోడలిని వెతుక్కుంటూ దేశాలు తిరుగుతుంటే, ఒకవేళ ఆ పిల్ల తిరిగి వస్తే ఇల్లు గుర్తుపట్టేలా ప్రతి రాత్రీ కిటికీలో దీపం పెట్టేది ఈమే. ఆమె పరిస్థితి మెరుగుపడలేదు, మరింత దిగజారింది. ఎవరూ ఆమెకు ఆశగా ఉండమని బోధించలేదు. తన అవసరం మరొకరికి పడింది, అంతే. సుఖం పెరగకుండానే మనిషి నిలబడటం అనే ఈ అంశాన్ని వివరించడానికి సెలిగ్‌మన్ కంటే మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ చెప్పిన ‘విషాదంలోని ఆశావాదం’ మీకు ఎక్కువగా పనికివస్తుంది. ఒక అధ్యాయం మొత్తం ఈమెకే కేటాయించినా తప్పు లేదు.

ఇప్పుడు మికాబర్ దగ్గరకు వద్దాం. ఆశను కొలవాలంటే ఉత్సాహాన్ని కొలిస్తే సరిపోదు. మనస్తత్వవేత్త సి. ఆర్. స్నైడర్ 1990లలో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం ఆశకు రెండు కాళ్లు ఉంటాయి: లక్ష్యం వైపు కదలగలనన్న పట్టుదల ఒకటి, అక్కడికి చేరే మార్గాలను ఊహించి, ఒకటి మూసుకుపోతే మరొకటి వెతుక్కునే నేర్పు రెండవది. మికాబర్ ఒక్క కాలితో కూడా నడవడు. ‘ఏదో ఒకటి కలిసి రాకపోదు’ అన్నది అతని మంత్రం. పదకొండవ అధ్యాయంలో, ఇక జైలు తప్ప గతి లేదని కన్నీళ్లు కారుస్తూ ఇంటికి వచ్చి, పడుకోబోయే ముందు, ఒకవేళ ఏదైనా కలిసి వస్తే ఇంటికి కొత్త తరహా కిటికీలు పెట్టించడానికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తాడు. బొగ్గు వ్యాపారం చేయాలని కుటుంబ సమేతంగా మెడ్వే నదిని చూడటానికి వెళతారు. నదిని చూసి వస్తారు, అంతే. తరువాత ధాన్యం దళారీగా పదిహేను రోజులలో రెండు షిల్లింగుల తొమ్మిది పెన్నీలు సంపాదిస్తాడు.

మనస్తత్వవేత్త గాబ్రియెల్ ఎటింగెన్ పరిశోధనలు ఈ కిటికీల లెక్కకు సరిగ్గా సరిపోతాయి. భవిష్యత్తు బాగుంటుందని అనుభవం మీద ఆధారపడి అంచనా వేసుకోవడం వేరని, బాగుపడినట్టు పగటి కలలు కనడం వేరని ఆమె చూపారు. 2002లో డోరిస్ మాయర్‌తో కలిసి ప్రచురించిన అధ్యయనంలో, చదువు ముగించి ఉద్యోగాలు వెతుక్కునేవారిలో ఉద్యోగం గురించి అందమైన కలలు ఎక్కువగా కన్నవారు తక్కువ దరఖాస్తులు పంపారు, వారికి వచ్చిన ఉద్యోగావకాశాలూ జీతాలూ తక్కువే. కలలోనే లక్ష్యం చేరిన తృప్తి దొరికితే కాళ్లు కదలవు. అంకెలు లేకుండా 1849లో డికెన్స్ చూపినది కూడా ఇదే.

మికాబర్‌కు పక్కన ట్రాడిల్స్‌ను నిలబెట్టాలి. డేవిడ్ చదివిన సేలం హౌస్ బడిలో అందరి కంటే ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లవాడు ఇతడే. కొద్దిసేపు బల్ల మీద తలవాల్చి ఏడ్చి, కళ్లు ఆరకముందే పలక మీద అస్థిపంజరాలు గీస్తూ నవ్వడం మొదలుపెడతాడు. పెద్దయ్యాక న్యాయవాద వృత్తికి అవసరమైన నూరు పౌండ్లు కట్టడం ఎంత భారమైందో దాచకుండా చెబుతాడు. దస్తావేజులు నకలు రాస్తాడు, విజ్ఞాన సర్వస్వానికి విషయాలు కూరుస్తాడు, తనకు కల్పనాశక్తి బొత్తిగా లేదని ఒప్పుకుంటాడు. డెవన్‌షైర్‌లో ఒక పాస్టరు గారి పదిమంది కూతుళ్లలో ఒకతె అయిన సోఫీతో పెళ్లి కుదిరింది. ఎప్పుడు జరుగుతుందో తెలియదు. ‘ఓపిక పట్టు, ఆశ పెట్టుకో’ అన్నది వారిద్దరి నినాదం. ఇది వినడానికి మికాబర్ మంత్రానికి దగ్గరగానే ఉంటుంది, అందుకే ఈ పోలిక అంత విలువైనది. కానీ ట్రాడిల్స్ ఎదురుచూస్తూ కూర్చోడు. కాపురానికి కావలసిన సామానులో అప్పటికే రెండు వస్తువులు సమకూర్చుకున్నాడు, ఒక పూలకుండీ, ఒక చిన్న గుండ్రటి బల్ల.

ఈ రెండు వస్తువులనూ వెంబడించండి. ట్రాడిల్స్ ఆ సమయంలో మికాబర్ ఇంట్లో అద్దెకు ఉంటాడు. మికాబర్ హుండీల మీద తన పేరుతో హామీ సంతకం పెట్టవద్దని డేవిడ్ హెచ్చరించేసరికే మొదటి సంతకం అయిపోయింది. గడువుకు మికాబర్ కట్టలేదు, రెండవ సంతకం కూడా చేయవలసి వచ్చింది, చివరికి జప్తు వచ్చి ఇంటి సామానుతో పాటు ఆ కుండీ, ఆ బల్ల కూడా పోయాయి. కొంత కాలానికి అవి ఒక పాత సామానుల కొట్టులో కనబడితే, ట్రాడిల్స్‌ను చూస్తే కొట్టువాడు ధర పెంచేస్తాడని దాది పెగాటీని పంపి బేరం చేయించి తిరిగి కొనుక్కుంటారు. మన ప్రాంతంలో బంధువు నోటు మీద హామీ సంతకం పెట్టి అమీనాను ఇంటి ముందు చూసిన కుటుంబాలు తక్కువేమీ కావు. నా తరగతులలో ఈ ఘట్టం దగ్గర నేను వివరించవలసింది దాదాపు ఏమీ ఉండేది కాదు.

ముప్పై ఆరవ అధ్యాయం ఇంకా పదునైనది. యురయా హీప్ దగ్గర గుమాస్తాగా చేరడానికి కాంటర్‌బరీ వెళ్లబోతూ మికాబర్ తన బాకీని గంభీరంగా లెక్కగడతాడు. మొదటిది 23 పౌండ్ల 4 షిల్లింగుల 9½ పెన్నీలు, రెండవది 18 పౌండ్ల 6 షిల్లింగుల 2 పెన్నీలు, మొత్తం 41 పౌండ్ల 10 షిల్లింగుల 11½ పెన్నీలు. ఆ మొత్తానికి ఒక బాకీ పత్రం రాసి ట్రాడిల్స్ చేతిలో పెట్టి, ఋణవిముక్తుడై తలెత్తుకు తిరగగలనని ప్రకటిస్తాడు. మికాబర్ దృష్టిలో అది డబ్బు చెల్లించడంతో సమానమని, ఆలోచించుకునే వ్యవధి దొరికే వరకు ట్రాడిల్స్‌కు కూడా తేడా తెలియలేదని డేవిడ్ అంటాడు. ఉత్సాహం ఎదుటివాని విచక్షణను కూడా ఎలా మత్తులో ముంచుతుందో ఇంత నెమ్మదిగా చెప్పిన వాక్యం నాకు మరెక్కడా కనబడలేదు.

ఈ అంకెల వెనుక జీవితం ఉన్నది. మికాబర్‌కు మూలం డికెన్స్ తండ్రి జాన్ డికెన్స్. ఒక రొట్టెల వ్యాపారికి 40 పౌండ్ల 10 షిల్లింగులు బాకీపడి 1824 ఫిబ్రవరిలో ఆయన మార్షల్సీ జైలు పాలయ్యాడు. అప్పటికే పన్నెండేళ్ల చార్లెస్ బూట్ల పాలిష్ తయారుచేసే వారెన్ కర్మాగారంలో డబ్బాలకు కాగితాలు అంటిస్తున్నాడు, జీతం వారానికి ఆరు షిల్లింగులు. తండ్రిని జైలుకు పంపిన మొత్తం, ట్రాడిల్స్‌కు రావలసిన మొత్తం ఇంత దగ్గరగా ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. దాని మీద మీరు వాదం కట్టవద్దు, పాదసూచికలో పెడితే చాలు. వాదానికి పనికివచ్చేది వేరే ఉన్నది. తండ్రి ఆశావాదానికి మూల్యం ఆ పిల్లవాని బాల్యం. నవలలో కింగ్స్ బెంచ్ జైలులో మికాబర్, రాబడి కంటే ఖర్చు తగ్గితే సుఖమనీ పెరిగితే దుఃఖమనీ డేవిడ్‌కు ఉపదేశించి, వెంటనే బీరు కోసం ఆ పిల్లవాని దగ్గరే ఒక షిల్లింగు అప్పు పుచ్చుకుంటాడు. తరువాతి అధ్యాయంలో అదే సూత్రాన్ని స్థిరమైన అంకెలతో చెబుతాడు: రాబడి 20 పౌండ్లు, ఖర్చు 19 పౌండ్ల 19 షిల్లింగుల 6 పెన్నీలైతే సుఖం, 20 పౌండ్ల 6 పెన్నీలైతే దుఃఖం. రెండు ఖర్చుల మధ్య తేడా ఒక షిల్లింగు. పిల్లవాని జేబులోంచి వెళ్లినది కూడా ఒక షిల్లింగే.

సెలిగ్‌మన్ కూడా ఆశావాదాన్ని అన్ని చోట్లా వాడమనలేదన్నది మీ ప్రతిపాదనలో తప్పక ఉండాలి. ప్రయత్నం విఫలమైతే జరిగే నష్టం పెద్దదైనప్పుడు ఆశావాదాన్ని పక్కన పెట్టమని ఆయన 1990లో తొలిసారి వెలువడిన తన ప్రసిద్ధ పుస్తకంలో స్పష్టంగా రాశారు. డికెన్స్ దానికి ఒక మెట్టు పైకి వెళ్లి, ఆ నష్టం ఎవరిది అని అడుగుతాడు. పాజిటివ్ సైకాలజీపై ఎప్పుడూ ఉన్న విమర్శ, అది మనిషిని చుట్టూ ఉన్నవారి నుంచి విడదీసి చూస్తుందన్నది. ఆ విమర్శకు మీ నవలే సమాధానంగానూ సాక్ష్యంగానూ పనికివస్తుంది.

పద్ధతి విషయానికి వస్తే, ఒక విద్యార్థి ఈ నవలలోని సంతోషసూచక పదాలను కంప్యూటరుతో లెక్కించి పాత్రలవారీగా పట్టిక వేసి తెచ్చాడు. ఊహించినట్టే మికాబర్ అగ్రస్థానంలో ఉన్నాడు, ట్రాడిల్స్ ఎక్కడో అడుగున ఉన్నాడు. పదాలను లెక్కిస్తే మాటకారితనం బయటపడుతుంది గాని ఆశావాదం బయటపడదు. దానికి బదులు, మనుషుల మాటలలో, రాతలలో దొరికే కారణవాక్యాలను మాత్రమే ఏరి విలువకట్టే పద్ధతిని సెలిగ్‌మన్, పీటర్సన్ బృందం 1980లలో రూపొందించింది. ప్రతి వాక్యాన్నీ మూడు కొలతలపై ఒకటి నుంచి ఏడు వరకు అంచనా వేస్తారు. నేను తరగతిలో చేయించినప్పుడు, పాత్ర పేరు చెరిపేసి, వాక్యాలను చీటీల మీద రాయించి, ఒకరి అంచనా మరొకరికి తెలియకుండా ఇద్దరి చేత అంకెలు వేయించేవాణ్ని. గమ్మిడ్జ్ తొలి వాక్యాల మీద దాదాపు ఏకాభిప్రాయం వచ్చేది. మికాబర్ దగ్గర అంకెలు ఎప్పుడూ కలిసేవి కావు. ఎందుకంటే అతడు ఒకే పేరాలో సర్వనాశనమనీ చెబుతాడు, స్వర్ణయుగమనీ చెబుతాడు. ఆ విభేదాన్ని లోపంగా దాచకండి. అతడిని ఆశావాది అనే ముందు ఆగాలన్న హెచ్చరిక అందులోనే ఉన్నది.

కొన్ని పరిమితులు కూడా చెప్పుకోవాలి. పాత్ర మనిషి కాదు. దానికి మనస్తత్వం ఉన్నదని మనం అనుకునేది రచయిత పెట్టిన మాటల వల్ల. అందువల్ల నవల సిద్ధాంతాన్ని ‘రుజువు చేసింది’ అని ఎక్కడా రాయవద్దు. పైగా ఈ కథ చెబుతున్నది పెద్దవాడై, పేరు తెచ్చుకున్న డేవిడ్; గిడ్డంగిలో ఉన్న పిల్లవాని నిరాశ అతని కలం గుండా మనకు చేరుతున్నది. విక్టోరియన్ పాఠకులకు దైవానుగ్రహం, స్వయంకృషి అనే ఆలోచనలు సుపరిచితం, శామ్యూల్ స్మైల్స్ రాసిన స్వయంసహాయ గ్రంథం ఈ నవల తరువాత తొమ్మిదేళ్లకు, 1859లో వచ్చింది. ఆనాటి భావాలను ఈనాటి పేర్లతో పిలిచే ముందు ఒక వాక్యం వివరణ ఇవ్వాలి.

ఆశ అందరికీ సమానంగా పంచబడలేదన్నది మరో పరిమితి. ఎమిలీ ప్రాణాలతో బయటపడుతుంది, ఆస్ట్రేలియాలో నలుగురికీ సాయపడుతూ బ్రతుకుతుంది, కానీ పెళ్లికి ఒప్పుకోదు. ఆమెను పెళ్లాడవలసిన హామ్ తుఫానులో, తాను రక్షించబోయినవాడు ఎవరో తెలియకుండానే చనిపోతాడు. వీరి విషయంలో ఓదార్పు ఉన్నది గాని ఆశావాదం ఉన్నదని నేను అనలేను.

ఆస్ట్రేలియా ముగింపు గురించి మీ వైవాలో తప్పక అడుగుతారు. లండన్‌లో ఏ పనీ చేతకాని మికాబర్ పోర్ట్ మిడిల్‌బేలో మేజిస్ట్రేటు కావడం నమ్మశక్యమా? జార్జ్ ఆర్వెల్ 1940లో డికెన్స్‌పై రాసిన వ్యాసంలో ఈ నవల చివరిలోని విజయారాధనను గట్టిగా తప్పుపట్టారు. ఆ విమర్శను కొంత ఒప్పుకోవడమే మంచిది. అయితే రెండు విషయాలు జోడించవచ్చు. వలస అన్నది డికెన్స్‌కు కథ ముగించే ఉపాయం మాత్రమే కాదు. 1847 నుంచి ఏంజెలా బర్డెట్ కూట్స్ డబ్బుతో లండన్‌లో దిక్కులేని స్త్రీల కోసం యురేనియా కాటేజ్ అనే ఆశ్రమాన్ని ఆయన నడిపించాడు, అక్కడి వారిని వలస దేశాలకు పంపించాడు. నవల ఇంకా నెలనెలా వెలువడుతుండగానే, 1850 మార్చి 30న ప్రారంభమైన తన వారపత్రిక తొలి సంచికలో ఆస్ట్రేలియా వలసలకు సాయపడిన కారొలైన్ చిజం సేకరించిన వలసదారుల ఉత్తరాలను ప్రచురించాడు. చుట్టూ ఉన్న పరిస్థితి మారితే మనిషి మారవచ్చునన్న నమ్మకానికి ఆయన తన కాలాన్నీ పలుకుబడినీ కేటాయించాడు. మరో విధంగా చెప్పాలంటే, గమ్మిడ్జ్ తన పరిస్థితి దిగజారినప్పుడు మారింది, మికాబర్ తన పరిస్థితి మారినప్పుడు మారాడు. ఈ రెండింటినీ ఒకే సూత్రం కింద ఇరికించకండి.

రెండవది అరవై మూడవ అధ్యాయంలో ఉన్నది, చాలామంది గమనించకుండా దాటిపోతారు. మికాబర్ బాగుపడ్డాడని డేవిడ్ దేనిని బట్టి నమ్ముతాడు? పదవిని బట్టి కాదు. ఇక్కడ చేసిన బాకీలన్నీ, ఆఖరికి ట్రాడిల్స్ బాకీ కూడా అతడు తీర్చేశాడని భార్య ఆగ్నెస్‌కు గుర్తుచేసి, కాబట్టి అతని పరిస్థితి బాగానే ఉన్నదని అనుకోవచ్చునంటాడు. అప్పటికి ట్రాడిల్స్‌కు ఆ డబ్బుతో అవసరం తీరిపోయింది, గ్రేస్ ఇన్ గదులలో సోఫీతో, ఆమె అక్కచెల్లెళ్లతో సందడిగా కాపురం ఉండి, న్యాయవాదిగా పైకి వచ్చాడు. అయినా డికెన్స్ ఆ లెక్కను మరచిపోలేదు. ఆశకు అయ్యే ఖర్చును ఎవరు చెల్లిస్తారన్న మూడవ ప్రశ్నకు నవలలోనే దొరికే జవాబు ఇది.

సినాప్సిస్ తిరగరాసే ముందు 3, 11, 12, 27, 28, 32, 34, 36, 63 అధ్యాయాలను ఈ క్రమంలోనే మరోసారి చదవండి. శీర్షికలో ‘డికెన్స్ నవలలు’ అని పెట్టి అన్నింటినీ నెత్తిన వేసుకోవద్దు. ఈ ఒక్క నవల చాలు. పోలిక తప్పనిసరి అని మీ గైడు గారు అంటే ‘మార్టిన్ చజిల్‌విట్’లోని మార్క్ టాప్లీని తీసుకోండి. పరిస్థితులు ఎంత అధ్వాన్నంగా ఉంటే అక్కడ ఉల్లాసంగా ఉండటానికి అంత ఘనత అని నమ్మి, కష్టాన్ని వెతుక్కుంటూ అమెరికాలోని చిత్తడి నేల దాకా వెళ్లినవాడు అతడు. మికాబర్‌కు, ట్రాడిల్స్‌కు మధ్య అతని స్థానం ఎక్కడన్నది ఒక అధ్యాయానికి సరిపడే ప్రశ్నే.